గడ్డకట్టిన నేల: సర్వే చెప్పింది ఎంతకాలం నిజం?

సైబీరియాలోని యాకుత్స్క్ పట్టణంలో 1828లో ఒక వ్యాపార సంస్థ ఉద్యోగి ఫ్యోదోర్ షెర్గిన్ మంచినీళ్ల కోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్లు తవ్వారు. 1837 నాటికి లోతు 116 మీటర్లు దాటింది. చుక్క నీరు పడలేదు. పైనుంచి కిందిదాకా గడ్డకట్టిన మట్టీ రాయీ తప్ప మరేమీ కనబడలేదు. ఇక లాభం లేదని పని ఆపేశారు. 1840ల మధ్యలో అలెగ్జాండర్ మిడెన్‌డార్ఫ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆ ఎండిన బావిలోకి దిగి, దాని గోడల్లో వేర్వేరు లోతుల దగ్గర ఉష్ణమాపకాలు పెట్టించాడు. కిందికి పోయేకొద్దీ చలి ఎంత వేగంగా తగ్గుతోందో చూసి, ఆ గడ్డ ఇంకెంత లోతుకు ఉండవచ్చో లెక్కగట్టాడు. యాకుత్స్క్ ఆర్కిటిక్ వృత్తానికి కొంచెం దక్షిణాన ఉంటుంది కానీ, నేల ఎక్కడ కరగాలో గీత చూసుకుని కరగదు. ఉత్తరాది నేలల పరీక్షకు తొలి పాఠం ఈ నీళ్లు పడని బావే. అక్కడి నేలను అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎంత గట్టి’ అన్నది కాదు, ‘ఎంత చల్లన’ అన్నది.

కనీసం వరుసగా రెండేళ్లపాటు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరో అంతకన్నా తక్కువలోనో ఉండే నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. ఈ నిర్వచనంలో ఒక తిరకాసు ఉంది. ఇందులో మంచు ప్రస్తావనే లేదు. చుక్క తేమ లేని రాతిబండ కూడా, సగానికి పైగా మంచే ఉన్న ఒండ్రు కూడా ఈ లెక్కన పెర్మాఫ్రాస్టే. బండ కరిగినా బండగానే ఉంటుంది. ఒండ్రు కరిగితే అంబలి అవుతుంది. కాబట్టి పటం మీద ఒక ప్రాంతానికి పెర్మాఫ్రాస్ట్ రంగు వేసి ఉన్నంత మాత్రాన అక్కడ కట్టేవాడికి తెలిసేది తక్కువ. మంచు ఉందా, ఉంటే ఎంత ఉంది, ఏ ఆకారంలో ఉంది, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఉంది అనేవి తేలితేనే అది సర్వే అనిపించుకుంటుంది.

నల్లరేగడిలో ఇల్లు కట్టినవారికి ఈ చిక్కు కొంతవరకు అర్థమవుతుంది. వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీసే ఆ నేలలో గోడలు పగలకుండా ఉండాలంటే పునాదిని తేమ మారని లోతుకు దింపాలి. అక్కడ గొడవ తేమతో, ఉత్తరాన గొడవ వేడితో. తేడా ఏమిటంటే, వేడిని మోసుకొచ్చేది తరచుగా కట్టడమే. గదులు వెచ్చగా ఉంచుకున్న ఇల్లు కింద నేలకు ఏడాది పొడవునా ఆరని పొయ్యిలాంటిది.

పై నుంచి మొదలుపెడితే, వేసవిలో కరిగి చలికాలంలో మళ్లీ గడ్డకట్టే ఒక పొర ఉంటుంది. ఉత్తర తీరాల్లో అది అర మీటరు ఉండవచ్చు, దక్షిణానికి వచ్చేకొద్దీ మందం పెరుగుతుంది. దాని మందం కొలిచే పనిముట్టు గుర్తులు గీసిన ఇనుప ఊచ. వేసవి చివర దాన్ని నేలలోకి గుచ్చి, గడ్డ తగిలిన చోట లోతు చదువుతారు. రాయి తగిలితే గడ్డే తగిలిందనుకునే ప్రమాదం ఉంది కనుక ఒకచోట గుచ్చి ఊరుకోరు, గళ్లు గీసుకుని పదుల చోట్ల గుచ్చుతారు. ఆ పొర కింద అసలు గడ్డ మొదలవుతుంది. అందులో మంచు ఒక్క తీరుగా ఉండదు. ఇసుక రేణువుల సందుల్లో సిమెంటులా పట్టుకున్న మంచు ఒకటి. ఒండ్రులో అరలు అరలుగా పేరుకున్న పలకల మంచు ఇంకొకటి. వీటన్నిటికన్నా మోసకారి మేకు ఆకారపు మంచు. చలికి నేల బీటలు వారి, ఆ బీటల్లోకి వసంతంలో నీరు దిగి గడ్డకట్టి, ఏటా ఇదే జరుగుతూ శతాబ్దాల మీద మంచు మేకులు లోతుకు దిగుతాయి. విమానంలోంచి చూస్తే ఆ బీటలు నేల మీద పెద్ద పెద్ద గళ్లలా కనిపిస్తాయి. ఒక్కో గడి వెడల్పు సాధారణంగా పది నుంచి ముప్పై మీటర్లు.

బోరు వేసేవాడికి అసలు పరీక్ష ఇక్కడే. గడి మధ్యలో బోరు వేస్తే ఫలితం భేషుగ్గా ఉంటుంది. అయిదారు మీటర్లు పక్కన గజం వెడల్పున శుద్ధమైన మంచు గోడ ఉన్న సంగతి ఆ నమూనాలో కనబడదు. కట్టడం మాత్రం గడి మధ్యనా, గోడ మీదా రెండు చోట్లా కూర్చుంటుంది. నేల మొత్తం ఒకే తీరుగా కుంగితే భవనం ఎలాగో తట్టుకుంటుంది. ఒక మూల మాత్రమే కుంగితే చీలుతుంది. ఎంత కుంగుతుందన్నది చిన్న లెక్కే. మట్టి సందుల్లో పట్టేదాని కన్నా మించి ఉన్న మంచు, కరిగాక నీరై పోతుంది, దాని చోటు ఖాళీ అవుతుంది. అయిదు మీటర్ల పొరలో అలాంటి అదనపు మంచు అయిదో వంతు ఉంటే నేల మీటరు దిగుతుంది. అందుకే బోర్లకన్నా ముందు వైమానిక ఛాయాచిత్రాలు చూస్తారు. ఆ తర్వాత విద్యుత్ నిరోధకతను కొలుస్తారు. గడ్డకట్టిన మంచు విద్యుత్తును సులువుగా పోనివ్వదు కనుక నిరోధకత ఎక్కడ హఠాత్తుగా పెరిగిందో అక్కడ అనుమానించాలి. నేలలోకి చొచ్చుకుపోయే రాడార్‌తో అరల లోతు చూస్తారు. ఇవన్నీ అయ్యాకే బోరు ఎక్కడ వేయాలో నిర్ణయిస్తారు. డబ్బు తక్కువైన చోట ఈ వరుస తలకిందులవుతుంది. చేతిలో ఉన్న నాలుగు బోర్లు ముందు వేసి, ఆ తర్వాత వాటి మధ్య గీతలు కలిపి పటం గీస్తారు.

బోరు వేయడమే నేలను పాడుచేస్తుంది. తిరిగే బిట్టు రాపిడికి పుట్టే వేడి, చల్లబరచకుండా లోపలికి పంపిన నీరు రెండూ నమూనాను పైకి వచ్చేలోపే కరిగిస్తాయి. అందుకని చల్లబరిచిన గాలిని గానీ, సున్నాకన్నా బాగా కిందికి చల్లబరిచిన ఉప్పునీటిని గానీ వాడతారు. పైకి వచ్చిన నమూనాను అక్కడికక్కడే చూసి, మంచు పలకల మందం రాసుకుని, ఫోటో తీసి, గడ్డకట్టిన స్థితిలోనే ప్రయోగశాలకు పంపాలి. దారిలో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన నమూనా మీద పరీక్ష చేయడం దండగ. బోరు రంధ్రంలో ఉష్ణోగ్రత కొలవడానికి కూడా ఓపిక పట్టాలి. తవ్వకం వేడి చల్లారి, నేల తన సహజ ఉష్ణోగ్రతకు తిరిగి రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తొందరపడి చదివిన అంకె నేల ఉష్ణోగ్రతను కాదు, డ్రిల్లింగ్ బృందం చేసిన గాయపు వేడిని చెబుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, గడ్డకట్టిన ఒండ్రు మైనస్ అయిదు డిగ్రీల దగ్గర ఉన్నంత గట్టిగా మైనస్ ఒకటి దగ్గర ఉండదు. మెత్తటి మట్టిలో సున్నాకన్నా కింద కూడా కొంత నీరు గడ్డకట్టకుండా సన్నటి పొరలుగా మిగిలే ఉంటుంది. సున్నాకు దగ్గరయ్యేకొద్దీ ఆ నీరు పెరిగి, బరువు కింద మట్టి నెమ్మదిగా జారుతుంది. ఇక సముద్రతీరంలోనైతే మట్టిలో ఉప్పు కలిసి ఉంటుంది. ఉప్పు కలిసిన చోట గడ్డకట్టే ఉష్ణోగ్రత ఇంకా కిందికి పోతుంది కనుక, ఉష్ణమాపకం మైనస్ రెండు చూపిస్తున్నా నేల పునాది స్తంభాన్ని సరిగా పట్టుకోదు. ఉత్తర తీరాల సర్వేలో ఉప్పు శాతం పరీక్ష వదిలేస్తే మిగతా అంకెలు ఎంత చక్కగా ఉన్నా ఉపయోగం లేదు.

పని ఎప్పుడు చేయాలన్నది మరో చిక్కు. వేసవిలో టండ్రా, అంటే చెట్లు పెరగని ఆ ఉత్తరాది నేల, మెత్తబడి బురదవుతుంది. యంత్రం చక్రాల కింద నలిగిన నాచు పొర ఏళ్ల తరబడి కోలుకోదు. అందుకే అలాస్కా ఉత్తర వాలులో బరువైన వాహనాలను అనుమతించే ముందు ప్రభుత్వమే నేల ఉష్ణోగ్రత చూస్తుంది. ముప్పై సెంటీమీటర్ల లోతులో మైనస్ అయిదు డిగ్రీలకు చేరాలి, తీర ప్రాంతంలోనైతే పైన కనీసం పదిహేను సెంటీమీటర్ల మంచు కురిసి ఉండాలి. అలా వాహనాలు తిరగగలిగే రోజులు 1970లలో ఏడాదికి రెండు వందలకు పైగా ఉండేవి. ముప్పై ఏళ్లలో అవి సుమారు వందకు పడిపోయాయి. సర్వే చేయడానికి దొరికే కాలమే కరిగిపోతోందన్నమాట. చలికాలంలో యంత్రాన్ని తోలుకుపోతే బోరు పడుతుంది కానీ, వేసవిలో నీరు ఏ దారిన పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో మంచు దుప్పటి కింద కనబడదు. నేలలోకి వేడిని మోసుకుపోయే వాటిలో నీటికి మించినది లేదు. కాబట్టి ఒకే స్థలాన్ని రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ చూడక తప్పదు.

సర్వేయర్‌కు వచ్చే చిక్కు ఇంకా మౌలికమైనది. కొలత అంటే కదలని ఒక బిందువు నుంచి కదిలేదాన్ని కొలవడం. గడ్డకట్టే నేలలో ఆ బిందువే కదులుతుంది. చలికాలంలో పై పొర గడ్డకట్టి ఉబ్బుతూ అందులో పాతిన రాయినీ కడ్డీనీ పట్టి పైకి లాగుతుంది. వేసవిలో అవి తిరిగి అదే చోటుకు దిగవు. కొన్నేళ్లకు బెంచ్‌మార్క్, అంటే ఎత్తులు కొలవడానికి పాతిన గుర్తు, దాని ఎత్తు కాగితం మీద ఒకటి, నేల మీద ఒకటి అవుతుంది. దీనికి విరుగుడు, కడ్డీని కరిగే పొర దాటించి లోతైన గడ్డలో బిగించి, పైభాగానికి గ్రీజు నింపిన గొట్టం తొడగడం. పై పొర ఆ గొట్టాన్ని లాగినా కడ్డీ కదలదు. దగ్గరలో రాతిబండ ఉంటే ఇంకా నయం.

ఉపగ్రహాలు వచ్చాక ఈ బాధ తీరిందనుకోవడం పొరపాటు. జీపీఎస్ ఉపగ్రహాల కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో ఉంటాయి. ధ్రువం దగ్గర నిలబడి చూస్తే ఏ జీపీఎస్ ఉపగ్రహమూ ఆకాశంలో సుమారు 45 డిగ్రీల ఎత్తు దాటి పైకి రాదు. నడినెత్తిన ఏదీ లేనప్పుడు ఎత్తు కొలతలో పొరపాటు పెరుగుతుంది. కుంగుబాటు తెలియాలంటే కావలసింది సరిగ్గా ఆ ఎత్తే. రష్యా గ్లోనాస్ కక్ష్యల వాలు 64.8 డిగ్రీలు కనుక ఉత్తరాన అది కొంత మేలు. ధ్రువ కాంతులు ఆడే రాత్రుల్లో సంకేతాలు చెదరడం వేరే సంగతి. అక్షాంశం పెరిగేకొద్దీ దిక్సూచి కూడా నమ్మకంగా ఉండదు. అలాస్కా విషయమే చూస్తే, 1950ల నాటి పాత ఎత్తుల పటాలను వదిలి విమాన రాడార్‌తో కొత్తగా కొలవడం 2010లో గానీ మొదలుకాలేదు.

ఈ విద్యలో సైన్యాలు నేర్చుకున్న పాఠాలు ఖరీదైనవి. 1942లో అమెరికా సైన్యం హడావుడిగా అలాస్కా హైవే వేసింది. దక్షిణాదిన రోడ్డు వేసే అలవాటుతో బుల్డోజర్లు పై నాచునూ మొక్కలనూ గీకి పారేశాయి. నాచు నేలకు కప్పిన దుప్పటి. దుప్పటి తీసేసరికి కింద మంచు కరిగి, రోడ్డు బురదగుంటగా మారింది. తర్వాత ఆ నాచు మీదే దుంగలు పరిచి, మట్టి పోసి దారి వేయడం నేర్చుకున్నారు. పెర్మాఫ్రాస్ట్ అన్న ఆంగ్ల పదం కూడా మరుసటి ఏడాదే, 1943లో, సైమన్ ముల్లర్ అమెరికా సైన్యం కోసం రష్యన్ ఇంజనీర్ల అనుభవాన్ని గుదిగుచ్చి తయారుచేసిన నివేదికతో వాడుకలోకి వచ్చింది. అప్పటిదాకా ఆ వస్తువుకు ఆంగ్లంలో కుదురైన పేరే లేదు.

కెనడా మాత్రం ఒక ఊరి విషయంలో ముందు నేలను అడిగి తర్వాతే కట్టింది. మెకంజీ నది డెల్టాలో అక్లావిక్ అనే స్థావరం మంచుతో నిండిన ఒండ్రు మీద ఉండేది. వరదలు, ఒరుగుతున్న ఇళ్లు చూసి 1953లో ప్రభుత్వం ఊరిని తరలించాలనుకుంది. 1954లో సర్వే బృందం డెల్టా తూర్పు, పడమటి అంచుల్లో పలు స్థలాలు చూసింది. వారు వెతికింది కంకర, పడవలు వచ్చే కాలువ, విమానాశ్రయానికి చాలినంత చదును, మంచినీరు. చివరకు ‘ఈస్ట్ త్రీ’ అని కాగితాల్లో రాసుకున్న స్థలం నిలిచింది. అదే నేటి ఇనువిక్. 1955లో పనులు మొదలయ్యాయి, 1961లో ప్రధాని డీఫెన్‌బేకర్ ఊరిని అధికారికంగా ప్రారంభించాడు. భవనాలను నేలకు ఆనించకుండా స్తంభాల మీద నిలిపారు. కింద చలిగాలి ఆడాలన్నది ఉద్దేశం. నీళ్ల గొట్టాలూ మురుగు గొట్టాలూ నేల మీదనే పెట్టెల్లో చుట్టి నడిపారు. ఇంతా చేస్తే అక్లావిక్ ఖాళీ కాలేదు. కొన్ని వందల మంది అక్కడే ఉండిపోయి ‘ఎన్నటికీ ఓటమి ఒప్పుకోం’ అనే అర్థం వచ్చే మాటను ఊరి నినాదం చేసుకున్నారు. నేల పరీక్ష చెప్పినదాన్ని జనం వినితీరాలని ఎక్కడా లేదు.

ఇనువిక్ నుంచి సముద్రతీరంలోని తుక్తోయక్తుక్ దాకా 138 కిలోమీటర్ల రోడ్డు 2017 నవంబరులో తెరిచారు. దారి పొడవునా నేలలో మంచు దండిగా ఉంది. అందుకని ఎక్కడా తవ్వి చదును చేయలేదు. చలికాలాల్లో మాత్రమే, గడ్డకట్టిన నేల మీద గుడ్డలాంటి పొర పరిచి, దాని మీద కంకర గట్టు పోస్తూ పోయారు. 1942 నాటి బుల్డోజర్లు నేర్పిన పాఠం అమలైన తీరు అది.

అయితే సర్వే ఒక ప్రాజెక్టు ఆకారాన్నే మార్చిన కథ అలాస్కా చమురు గొట్టానిది. ప్రూధో బే నుంచి వాల్డెజ్ రేవు దాకా సుమారు 1,290 కిలోమీటర్లు. 1969లో మొదటి ఆలోచన గొట్టాన్ని చాలా భాగం పాతేయడం. మరుసటి ఏడాది అమెరికా భూగర్భ సర్వేకు చెందిన ఆర్థర్ లాకెన్‌బ్రుక్ ఒక చిన్న నివేదికలో వేడి లెక్కలు వేసి చూపించాడు. 1.2 మీటర్ల వ్యాసమున్న గొట్టాన్ని దాదాపు 1.8 మీటర్ల లోతులో పాతి, అందులో 80 డిగ్రీల వేడి చమురు పారిస్తే, కొన్నేళ్లలోనే చుట్టూ ఆరు నుంచి తొమ్మిది మీటర్ల వ్యాసం మేర నేల కరుగుతుంది. ఇరవై ఏళ్లకు కరిగిన లోతు దక్షిణ భాగంలో పన్నెండు నుంచి పదిహేను మీటర్లకు చేరుతుంది. మంచు ఎక్కువున్న చోట ఆ కరిగిన ముద్ద స్వల్పమైన వాలు మీద కూడా ద్రవంలా పారవచ్చు. ఆ లెక్కలతో వాదన మారిపోయింది. గొట్టాన్ని ఎక్కడెక్కడ పాతవచ్చో దారి పొడవునా మట్టినే అడగవలసి వచ్చింది. కరిగినా కుంగని కంకర, రాయి ఉన్నచోట పాతారు. మంచు నిండిన ఒండ్రు ఉన్నచోట పైకి ఎత్తారు. లెక్క తేలేసరికి సగానికి పైగా, దాదాపు 675 కిలోమీటర్లు, నేల మీద స్తంభాలపైనే నడిచింది. ఆ గొట్టం ఫోటోలో కనిపించే ఎగుడు దిగుడు రూపాన్ని గీసింది చాలావరకు మట్టి నమూనాలే.

ఆ 78,000 స్తంభాల్లో చాలావాటి లోపల అమ్మోనియా నింపిన గొట్టాలు ఉన్నాయి, మొత్తం సుమారు 1,24,000. చలికాలంలో పైన గాలి నేలకన్నా చల్లగా ఉన్నప్పుడు అడుగున అమ్మోనియా మరిగి ఆవిరిగా పైకి పోయి, రెక్కల దగ్గర చల్లబడి, ద్రవంగా కిందికి జారుతుంది. ఆ తిరుగుడులో నేలలోని వేడి బయటికి పోతుంది. వేసవిలో పైన వెచ్చబడగానే తిరుగుడు దానంతట అదే ఆగిపోతుంది. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. నేల పరీక్షను నమ్మి చేసిన మరో పని డెనాలి భ్రంశం దగ్గర, అంటే భూమి పొర చీలి పక్కలకు జరిగే చోట, జరిగింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ భ్రంశం ఎక్కడ ఉందో, ఎంత జరగవచ్చో ముందే అంచనా కట్టారు. అక్కడ గొట్టాన్ని పక్కలకు ఆరు మీటర్ల దాకా జారగలిగేలా దిమ్మెల మీద వదులుగా ఉంచారు. 2002 నవంబరు 3న 7.9 తీవ్రతతో భూకంపం వచ్చింది. నేల నాలుగు మీటర్లకు పైగా పక్కకు జరిగింది. కొన్ని ఆధారాలు దెబ్బతిన్నాయి, చమురు మాత్రం ఒలకలేదు.

ఇంత మంచి సర్వేకూ గడువు ఉంటుంది. రష్యన్ పద్ధతిలో రెండు మార్గాలు చెబుతారు: నేలను కట్టడం ఉన్నంతకాలం గడ్డకట్టే ఉంచడం, లేదా కరుగుతుందని ఒప్పుకుని దానికి తగ్గట్టు కట్టడం. మొదటిది ఎంచుకున్న ప్రతి కట్టడంలోనూ, రాబోయే దశాబ్దాల చలి వెనకటి దశాబ్దాల చలిలాగే ఉంటుందన్న నమ్మకం దాగి ఉంటుంది. 2020 మే 29న రష్యా ఉత్తరాన నోరిల్స్క్ నగరం దగ్గర ఒక విద్యుత్ కేంద్రపు ఇంధన ట్యాంకు అడుగు కుంగి, సుమారు 21,000 టన్నుల డీజిల్ నేల మీదికీ నదుల్లోకీ పారింది. కంపెనీ మొదట పెర్మాఫ్రాస్ట్ కరగడం వైపు వేలు చూపింది. పారిశ్రామిక భద్రతను చూసే నియంత్రణ సంస్థ విచారణలో పునాది స్తంభాల రూపకల్పనలో, వాటిని నిర్మించిన తీరులో, ఆ తర్వాతి పర్యవేక్షణలో లోపాలు తేలాయి. కోర్టు విధించిన పరిహారం దాదాపు 146 బిలియన్ రూబుళ్లు. వాతావరణ మార్పు అబద్ధమని దీని అర్థం కాదు. వెచ్చబడుతున్న నేల అంతకుముందే ఉన్న లోపాన్ని దాచిపెట్టడం మానేస్తుంది, అంతే. ‘నేల కరిగింది’ అన్న మాట చాలాచోట్ల ‘నేలను చూడటం మానేశాం’ అన్న మాటకు మర్యాదైన రూపం.

లోపం లేని చోట కూడా అంచనా తప్పవచ్చు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008లో తెరిచిన ప్రపంచ విత్తన భాండాగారం ప్రవేశ సొరంగం చుట్టూ తవ్వినప్పుడు కదిలిన నేల మళ్లీ గడ్డకడుతుందని లెక్క వేశారు. అది అనుకున్నట్టు గడ్డకట్టలేదు. 2016 అక్టోబరులో వాన, కరిగిన నీరు సొరంగంలోకి వచ్చాయి. విత్తనాలకు ఏమీ కాలేదు కానీ ప్రవేశ మార్గాన్ని నీరు చొరని కాంక్రీటుతో మళ్లీ కట్టవలసి వచ్చింది.

అందువల్ల ఇప్పుడు నేల పరీక్ష నివేదిక ఇచ్చి వెళ్లిపోయే పని కాదు. బోరు రంధ్రంలో థర్మిస్టర్ల (ఉష్ణోగ్రతను పసిగట్టే చిన్న పరికరాల) తీగను వదిలేసి, కట్టడం నిలిచినన్నాళ్లూ చదవాలి. ఉపగ్రహ రాడార్‌తో ఏటా నేల ఎన్ని సెంటీమీటర్లు లేచి దిగుతోందో చూడాలి. అసలు లోటు పరికరాలది కాదు. నలభై ఏళ్లపాటు ఆ తీగ చదివే ఉద్యోగికి జీతం ఎవరి ఖాతాలోంచి వస్తుందన్నది టెండరు కాగితాల్లో ఉండదు. తవ్వకానికి బడ్జెట్ ఉంటుంది, చూపుకు ఉండదు.

కొత్త చూపు లేనప్పుడు పాత చూపు ఆదుకున్న సందర్భమూ ఉంది. కెనడాలో ఇకాలుయిట్ విమానాశ్రయాన్ని 1942లో అమెరికా సైన్యం మొదలుపెట్టింది. తర్వాత దశాబ్దాల్లో దాన్ని పెంచుతూ పోయారు. రన్‌వే, ట్యాక్సీవేలు కొన్నిచోట్ల కుంగుతూ వచ్చాయి. కారణం వెతికిన పరిశోధకులు 1948 నాటి వైమానిక ఛాయాచిత్రాలు బయటికి తీశారు. పూడ్చేసిన చెరువులు, మళ్లించిన వాగులు, మంచు మేకుల గళ్లు అందులో స్పష్టంగా ఉన్నాయి. వాటిని నేటి పటం మీద పెట్టి చూస్తే, తారు కుంగిన చోట్లు చాలావరకు ఒకప్పుడు వాగు పారిన చోట్లే.